ఆ స్కూల్లో విదేశీ టీచరు మీరొక్కరే అయితే?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటికి మూలం ఒకటే: లాంగ్వేజ్ స్కూలు, అందులో ఒకే ఒక్క విదేశీ టీచరు. వెళ్దామనుకునేవాళ్లు రాశారు, వెళ్లి ఇరుక్కున్నవాళ్ల తరఫువాళ్లు రాశారు, అలాంటి టీచర్ని మన ఊరికే తెచ్చుకుందామనుకునే ఆయనొకరు రాశారు. అందుకే అన్నీ ఒకచోట వేస్తున్నాం.

ప్రశ్న: ఎం.ఏ. ఇంగ్లీషు, బి.ఇడి. చేశాను. నెల్లూరులో ఒక ప్రైవేటు స్కూల్లో నాలుగేళ్లుగా చెబుతున్నాను. థాయిలాండులో ఒక చిన్న పట్టణంలోని లాంగ్వేజ్ స్కూలు వాళ్లు ఆన్‌లైన్‌లో ఇంటర్వ్యూ చేసి తీసుకుంటామన్నారు. నెలకు 25,000 బాత్, వారానికి 24 గంటల క్లాసులు, ఉండటానికి గది వాళ్లే ఇస్తారంట. థాయి టీచర్లు ఐదుగురున్నారు, విదేశీ టీచరు మాత్రం నేనొక్కదాన్నే. అమ్మ వద్దంటే వద్దంటోంది, నాన్న నీ ఇష్టం అంటున్నాడు. వెళ్లమంటారా?
— ఒక పాఠకురాలు, కావలి

జవాబు: అమ్మ భయం ఒంటరితనం గురించి అయ్యుంటుంది. దాని సంగతి తర్వాత చూద్దాం. ముందు ఒక లెక్క వేయండి. అక్కడ మీ బతుకును పట్టుకునే పగ్గాలు నాలుగు: వీసా, ఇల్లు, జీతం, మాట. మాట అంటే ఆసుపత్రిలోనో బ్యాంకులోనో ఇమిగ్రేషన్ ఆఫీసులోనో మీ తరఫున థాయిలో మాట్లాడే మనిషి. పదిమంది విదేశీ టీచర్లున్న స్కూల్లో ఈ నాలుగూ నలుగురి చేతుల్లో ఉంటాయి. ఇల్లు ఎక్కడ దొరుకుతుందో ఒకరు చెబుతారు, జీతం ఆలస్యమైతే అందరూ కలిసి అడుగుతారు. మీరొక్కరే అయినప్పుడు నాలుగూ వెళ్లి ఓనరు చేతిలో పడతాయి. ఆయన మంచివాడైనా సరే, ఆయనతో ఒక్క విషయంలో మాటా మాటా వస్తే మిగతా మూడూ కదిలిపోతాయి. కనీసం రెండు పగ్గాలు ఆయన చేతిలో నుంచి తప్పించగలిగితే వెళ్లండి. లేకపోతే జీతం ఇంకో ఐదువేల బాత్ పెంచినా వద్దు.

వీసా పగ్గాన్ని మీరు తప్పించలేరు, అది చట్టంలోనే ఉంది. స్కూలు ముందుగా అక్కడి ప్రభుత్వ అనుమతి పత్రం తీసుకుని మీకు పంపాలి. దానితో మీరు నాన్-ఇమిగ్రెంట్ బి వీసాకు, అంటే పని కోసం వెళ్లేవాళ్ల వీసాకు, దరఖాస్తు పెట్టాలి. 2025 జనవరి నుంచి ఇది ఆన్‌లైన్‌లోనే. ఆ వీసా మీద దిగితే 90 రోజులు ఉండనిస్తారు. ఈలోగా వర్క్ పర్మిట్ తెప్పించి, బసను ఏడాదికి పొడిగించుకోవాలి. పొడిగించాక కూడా 90 రోజులకొకసారి మీ చిరునామా ఇమిగ్రేషన్‌కు తెలియజేయాలి. సంక్రాంతికి ఇంటికి రావాలనుకుంటే రీ-ఎంట్రీ పర్మిట్ లేకుండా విమానం ఎక్కొద్దు, ఎక్కితే ఆ ఏడాది పొడిగింపు అక్కడితో రద్దు. ఒక్కసారికైతే 1,000 బాత్, ఎన్నిసార్లయినా వెళ్లిరావాలంటే 3,800 బాత్. ఈ తేదీలన్నీ గుర్తుచేసే ఇంకో విదేశీ టీచరు స్కూల్లో ఉండరు కాబట్టి, దిగిన రోజే క్యాలెండర్లో మీరే రాసి పెట్టుకోవాలి. థాయి ఆఫీసు క్లర్కు గుర్తుపెట్టుకుంటుందని వదిలేసినవాళ్లే జరిమానా కట్టేది. బస గడువు దాటితే రోజుకు 500 బాత్, గరిష్ఠంగా 20,000.

అన్నిటికంటే ముఖ్యమైనది ఉద్యోగం మానే రోజు. ఆ ఏడాది పొడిగింపు ఆ ఉద్యోగం మీదే నిలబడి ఉంటుంది. ఉద్యోగం ముగిసిన రోజే బస కూడా ముగిసినట్టు. కోపంలో ఓనరు పాత తేదీ వేసి ఉద్యోగం రద్దు కాగితం ఇచ్చేస్తే మీకు సర్దుకునే వ్యవధి కూడా ఉండదు. కాబట్టి ఒప్పందంలో రెండు మాటలు రాయించుకోండి. నోటీసు గడువు ఇరుపక్షాలకూ 30 రోజులు ఉండాలి. రద్దు కాగితంలో ఆఖరి రోజు ఏదన్నది ముందే ఇద్దరూ ఒప్పుకుని రాయాలి.

“ముందు టూరిస్టుగా వచ్చేయండి, పర్మిట్ ఇక్కడికొచ్చాక చూద్దాం” అంటే అక్కడితో మాటలు ఆపేయండి. పర్మిట్ లేకుండా పనిచేస్తూ దొరికితే 5,000 నుంచి 50,000 బాత్ జరిమానా, ఆపైన దేశం నుంచి పంపించేయడం. అవి పడేది మీమీద. పర్మిట్ ఉన్నాక కూడా “మా ఫ్రెండు స్కూల్లో శనివారం రెండు గంటలు చెప్పిరండి” అంటే వెళ్లకూడదు. పర్మిట్ మీ యజమాని పేరున ఉంటుంది కానీ ఆయన స్నేహితుల పేరున ఉండదు కదా. ఊళ్లో మీరొక్కరే విదేశీ టీచరైతే ఈ అడుగుడు తప్పకుండా వస్తుంది.

ఇల్లు పగ్గం మీరు తప్పించగలిగినది. గది వద్దు, దాని బదులు నెలకు ఇంత అద్దె భత్యం ఇవ్వండని అడగండి. మొదటి నెల మాత్రం వాళ్ల గదిలో ఉంటామనండి. స్కూలు పైఅంతస్తులో గది అంటే మరీ జాగ్రత్త. సెలవు రోజు ఉదయం తొమ్మిదింటికి తలుపు కొట్టి “ఒక పేరెంట్ వచ్చారు, ఐదు నిమిషాలు కనపడండి” అంటారు. ఎవరి చెడ్డతనమూ లేదు, మీరు అందుబాటులో ఉన్నారు, అంతే.

మాట పగ్గం తప్పించడానికి థాయి లిపి నేర్చుకోవడమే దారి. అచ్చులు గుర్తుల రూపంలో హల్లు చుట్టూ చేరడం మన తెలుగు చదివినవాళ్లకు కొత్తేమీ కాదు. రోజుకు అరగంట పెడితే బోర్డులు చదవడం త్వరగానే వస్తుంది. స్వరాలు ఐదు, అవి మాత్రం విని విని పట్టుకోవాల్సిందే. విదేశీ తోడు లేకపోవడం ఇక్కడ మీకు లాభమే, మాట్లాడక గతి ఉండదు కనుక.

ఇక పని సంగతి. వారానికి 24 గంటలు అన్నది ఎక్కువేం కాదు. కానీ అసలు అడగాల్సింది ఆ 24లో వేర్వేరు పాఠాలు ఎన్ని అని. కొత్త పాఠానికి మొదటి టర్ములో సగటున 40 నిమిషాల తయారీ వేసుకోండి. ఎనిమిది పాఠాలను మూడేసి క్లాసుల్లో చెబితే తయారీ ఐదు గంటల ఇరవై నిమిషాలు. అదే 24 క్లాసులూ 24 రకాలైతే, అంటే ఆరేళ్ల పిల్లల దగ్గర్నుంచి టోఇక్ అనే ఇంగ్లీషు పరీక్ష రాసే ఉద్యోగుల దాకా అందరూ మీ దగ్గరికే వస్తే, తయారీయే 16 గంటలు. మొత్తం 40 గంటలు. విదేశీ టీచరు ఒక్కరే ఉన్న చిన్న స్కూళ్లలో మామూలుగా జరిగేది ఈ రెండోదే, ఎందుకంటే “ఫారిన్ టీచరు క్లాసు” అని ప్రతి బ్యాచికీ అమ్మి ఉంటారు. పోయిన నెల టైంటేబుల్ ఫొటో పంపమనండి. పంపరూ, అదీ ఒక జవాబే.

దాన్ని చూసేటప్పుడు ఇంకో రెండు విషయాలు గమనించండి. పిల్లలు మామూలు బడి అయ్యాకే వస్తారు కాబట్టి లాంగ్వేజ్ స్కూళ్లకు సాయంత్రాలు, శని ఆదివారాలే కిక్కిరిసి ఉంటాయి. ఉదయం పదింటికి ఒక క్లాసు, మళ్లీ సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా మూడు క్లాసులు ఉంటే లెక్కకు నాలుగు గంటలే, రోజంతా పోయినట్టే. రెండోది, వరుసగా రెండు రోజుల సెలవు ఉందా అన్నది. ఆదివారం సగం, బుధవారం సగం అనేది సెలవు కాదు.

జబ్బు చేస్తే ఎవరు చెబుతారు? థాయి కార్మిక చట్టంలో ఏడాదికి 30 పనిదినాల వరకు జీతంతో కూడిన జబ్బు సెలవు ఉంది, మూడు రోజులు గానీ ఆపైన గానీ పెడితే డాక్టరు కాగితం అడగొచ్చు. కాగితం మీద హక్కు ఉన్నా, మీ బదులు నిలబడే విదేశీ టీచరు లేరు కాబట్టి “వచ్చే ఆదివారం ఆ క్లాసులు వేసేయండి” అంటారు. అంటే జబ్బు సెలవు వాయిదా పడిన పని అవుతుంది. మీరు రాని రోజు థాయి టీచరు క్లాసు నడిపేలా పది పాఠాలు తయారుచేసి, వర్క్‌షీట్లతో సహా ఒక ఫైల్లో పెట్టి మొదటి నెలలోనే ఆఫీసుకు ఇచ్చేయండి. ఈ ఒక్క పని చేస్తే ఆదివారం క్లాసుల గొడవ చాలావరకు పోతుంది.

థాయి టీచర్లతో పని పంచుకోవడంలో తరచు చెడేది ఇలాగే. వాళ్లు వ్యాకరణం థాయిలో చెబుతారు, మీరు మాట్లాడించాలి. మధ్యలో ఒక నోటుపుస్తకం లేకపోతే ఎవరు ఏ పేజీ చేశారో ఎవరికీ తెలియదు, పిల్లలు “నా పేరు, నా ఊరు” పాఠం మూడుసార్లు వింటారు, తల్లిదండ్రులు డబ్బు దండగ అంటారు. బ్యాచికి ఒక పుస్తకం పెట్టండి. తేదీ, పేజీ, అయింది, మిగిలింది, రానివాళ్లు, ఇంతే ఐదు గళ్లు. క్లాసు ముగిసిన రెండు నిమిషాల్లో నింపాలి, ఇంటికెళ్లి నింపుదామంటే నిండదు.

ఉచ్చారణ గురించి ఒక మాట. మనవాళ్లు బస్ చివర అచ్చు కలిపి “బస్సు” అంటారు. థాయి పిల్లలు ఆ చివరి సకారాన్ని పలకలేక “బట్” అంటారు, బిల్‌ను “బిన్” అంటారు. ఆ భాషలో పదం చివర సకారం, లకారం నిలవవు. మీరు చివరి హల్లును సాగదీస్తే వాళ్లు అదీ పట్టుకుంటారు, ఒక క్లాసంతా “బస్సు” అనడం మొదలుపెడుతుంది. వెళ్లేముందు మీ గొంతు రికార్డు చేసుకుని పదాల చివర్లు, వి–డబ్ల్యూ తేడా, జడ్–జె తేడా, ఏ అక్షరం మీద ఒత్తు పడుతుందన్నది సరిచూసుకోండి. మీ ఇంగ్లీషు భారతీయ ఇంగ్లీషులా ఉండటం తప్పేమీ కాదు, స్పష్టంగా ఉండాలి, అంతే.

స్కూలు ప్రకటనలో “నేటివ్ స్పీకర్” అని ఉందేమో ముందే చూడండి. ఉంటే మిమ్మల్ని ఏ దేశం అని చెబుతారో అడగండి. “లండన్ నుంచి వచ్చిందని చెబుతాం” అంటే ఒప్పుకోవద్దు. మీ పర్మిట్ మీద, పాస్‌పోర్టు మీద ఇండియా అనే ఉంటుంది. ఏదో ఒక తల్లి అడుగుతుంది, ఆ రోజు అబద్ధం చెప్పింది మీరే అవుతారు. మీ ఫొటో ఫ్లెక్సీ మీదా ఫేస్‌బుక్ పేజీ మీదా పడటం ఖాయం, ఒక్కరే కదా ఉన్నది. మీరు మానేశాక నెలలోపు తీసేయాలని ఒప్పందంలో ఒక వాక్యం అడగండి. చాలామంది ఈ వాక్యం మరిచిపోయి, రెండేళ్ల తర్వాత కూడా ఆ స్కూలు గోడ మీద నవ్వుతూనే ఉంటారు.

ఇంక మిగిలింది మీకు ముందు పనిచేసిన టీచరు. ఆ మనిషి నంబరు అడగండి. గత మూడేళ్లలో ఎంతమంది మారారు, ఒక్కొక్కరు ఎన్ని నెలలున్నారు, ఆఖరి జీతం ఇచ్చారా, ఈ మూడు ప్రశ్నలు చాలు. ముగ్గురూ ఏడాది నిండకుండా వెళ్లిపోయారంటే కారణం స్కూల్లోనే ఉంది. “మీరే మొదటి విదేశీ టీచరు” అంటే అదింకా బరువు, పర్మిట్ కాగితాలు వాళ్లకూ కొత్తే. అప్పుడు వీసాకు మామూలుకంటే రెండు నెలలు ఎక్కువ వేసుకుని, ఇక్కడి ఉద్యోగం వీసా చేతికొచ్చాకే మానండి.

మీ ఆఫర్ విషయానికొస్తే, అద్దె భత్యం ఇచ్చి, 24 గంటల్లో వేర్వేరు పాఠాలు పన్నెండుకు మించకుండా రాసిస్తే వెళ్లొచ్చు. రెండూ కాదంటే నెల్లూరులోనే ఉండి, ఇద్దరు ముగ్గురు విదేశీ టీచర్లున్న స్కూలు కోసం చూడండి. బి.ఇడి. ఉంది కాబట్టి మామూలు బడులకూ పెట్టుకోవచ్చు. ఇంగ్లీషు మాతృభాష కాని దేశాలవాళ్లను టోఇక్ గానీ ఐఇఎల్‌టిఎస్ గానీ అడగడం అక్కడ మామూలే, ఏదో ఒకటి రాసిపెట్టుకోండి.

ప్రశ్న: అయ్యా, మావాడు డిగ్రీ పాసయ్యాడు. థాయిలాండులో ఇంగ్లీషు టీచరు ఉద్యోగం ఉందని ఒక ఏజెంటు రెండున్నర లక్షలు అడుగుతున్నాడు. ఆ స్కూలుకంతా విదేశీయుడు వీడొక్కడేనంట, అందుకే రేటు ఎక్కువంట. స్కూలు పేరు డబ్బు కట్టాక చెబుతాడంట. కట్టమంటారా?
— ఒక తండ్రి, పొదిలి

జవాబు: వద్దు. విదేశీ ఉద్యోగాల ఏజెంటు కేంద్ర విదేశాంగ శాఖ దగ్గర రిజిస్టరై ఉండాలి. ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో పేరు కొడితే తెలిసిపోతుంది. రిజిస్టరైన ఏజెంటు కూడా సేవా రుసుము కింద 30,000 రూపాయలకు మించి తీసుకోకూడదు, దానిమీద 18 శాతం జీఎస్టీ కలిపితే 35,400. రసీదు ఇవ్వాలి.

స్కూలు పేరు చెప్పకపోవడం డబ్బు కన్నా పెద్ద ప్రమాదం. థాయిలాండులో ఉద్యోగమని పిలిచి, మే సోట్ అనే సరిహద్దు ఊరి మీదుగా నది దాటించి మయన్మార్‌లోని మ్యావడీ వైపు తీసుకెళ్లి, ఆన్‌లైన్ మోసాలు చేయించే ముఠాలున్నాయి. ఇలాంటి ఉద్యోగాల గురించి విదేశాంగ శాఖ 2022 సెప్టెంబరులోనే హెచ్చరించింది. మీవాడు పది దాటి చదివాడు కాబట్టి పాస్‌పోర్టుకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అక్కర్లేదు. అది సదుపాయమే, కానీ దానివల్లే అతని కాగితాలను మన వైపు ఎవరూ పరీక్షించరు. స్కూలు పేరు, ఊరు, ఫోన్ నంబరు తెలిశాక, ఆ స్కూలుకే వీడియో కాల్ చేసి, పిల్లలు కూర్చున్న తరగతి గది చూపించమనండి. నిజమైన స్కూలు ఐదు నిమిషాల్లో చూపిస్తుంది.

ప్రశ్న: మా తమ్ముడు జపాన్‌లో ఒక చిన్న ఊళ్లో ఇంగ్లీషు సంభాషణ నేర్పే స్కూల్లో ఏడాదిన్నరగా పనిచేస్తున్నాడు. ఓనరు, ఆయన భార్య, మావాడు, అంతే. ఇప్పుడు వారానికి ఆరు రోజులు చెప్పమంటున్నారు. ఏడాదికోసారి ఒప్పందం. మధ్యలో మానితే రెండు లక్షల యెన్ కట్టాలని అందులో రాసుందంట, వీసా కూడా రద్దు చేయిస్తామంటున్నారంట. భయపడి ఫోన్లో ఏడుస్తున్నాడు. ఏం చేయాలి?
— ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: మీ తమ్ముడికి ముందు ఈ ఒక్కటి చెప్పండి. జపాన్‌లో యజమాని వీసా రద్దు చేయలేడు. అక్కడ నివాస హోదా మనిషి చేసే పని రకాన్ని బట్టి ఇస్తారు, ఒక యజమానికి కట్టేయరు. థాయిలాండుకూ జపాన్‌కూ ఉన్న పెద్ద తేడా ఇదే. మానేసిన 14 రోజుల్లోగా ఇమిగ్రేషన్‌కు తెలియజేయాలి, ఆన్‌లైన్‌లోనే చేయొచ్చు. కొత్తచోట చేరాక మళ్లీ 14 రోజుల్లో ఇంకో సమాచారం ఇవ్వాలి. సరైన కారణం లేకుండా మూడు నెలలు ఆ రకం పని చేయకుండా ఉంటే మాత్రం హోదా రద్దు చేసే అవకాశం ఉంది. కాబట్టి ఉద్యోగం వెతుకుతున్నట్టు రుజువులు, పంపిన దరఖాస్తులు, వచ్చిన జవాబులు దాచుకోవాలి.

రెండు లక్షల యెన్ షరతు చెల్లదు. ఒప్పందం తప్పినందుకు ఇంత కట్టాలని ముందే రాసుకోవడాన్ని జపాన్ కార్మిక ప్రమాణాల చట్టం 16వ అధికరణ నిషేధించింది. ఏడాదికి మించిన కాలపరిమితి ఒప్పందమైతే, మొదటి ఏడాది నిండాక ఉద్యోగి ఎప్పుడైనా వదులుకోవచ్చని అదే చట్టంలో ఉంది. మీ తమ్ముడిది ఏడాదికోసారి రాసుకునే ఒప్పందం కాబట్టి అది వర్తించదు; మధ్యలో మానాలంటే తప్పనిసరి కారణమో ఓనరు ఒప్పుకోలో కావాలి, లేదా ఒప్పందం ముగిసే రోజుకు మానాలి. ఆరు నెలలు దాటాక, 80 శాతం హాజరు ఉంటే ఏడాదికి కనీసం 10 రోజుల జీతపు సెలవు కూడా హక్కే. “మీరొక్కరే కదా, మీరు సెలవు పెడితే స్కూలు మూయాలి” అనడం మాటవరసకు బాగుంటుంది, చట్టానికి అక్కర్లేదు. స్కూలు నడిపే బాధ్యత యజమానిది.

ఇలా చేయమనండి. మొదట జీతం స్లిప్పులు, ఒప్పందం, టైంటేబుళ్లు, ఆరు రోజులు చెప్పమన్న మెసేజ్‌లు ఫొటోలు తీసి మీకు పంపాలి. తర్వాత ఇల్లు ఎవరి పేరున లీజుందో చూడాలి. ఓనరు పేరున ఉంటే మానేయడమంటే ఇల్లు ఖాళీ చేయడమే, కాబట్టి రాజీనామాకు ముందే కొత్త గది కుదుర్చుకోవాలి. ఆ వరుస తప్పి, ముందు కాగితం ఇచ్చి తర్వాత ఇంటికి తిరిగినవాళ్లే రోడ్డున పడేది. ఆ తర్వాత రాతపూర్వకంగా, తేదీ వేసి, కనీసం 30 రోజుల గడువుతో రాజీనామా ఇవ్వాలి. జీతం ఆపితే ఆ ప్రాంతపు కార్మిక ప్రమాణాల తనిఖీ కార్యాలయానికి వెళ్లాలి. విదేశీ భాషల్లో మాట్లాడే ఫోన్ సేవ కూడా ఉంది, ఓనరు అనువాదం అక్కర్లేదు.

కొత్త ఉద్యోగం వెతికేటప్పుడు ఒక ముడి ఉంది. ఇలాంటి ప్రైవేటు సంభాషణ స్కూళ్ల హోదా వేరు, ప్రభుత్వ బడుల్లో చెప్పడానికి కావాల్సిన ‘ఇన్‌స్ట్రక్టర్’ హోదా వేరు. బడిలో ఇంగ్లీషు చెప్పడానికి ఆ రెండోది కావాలంటే పన్నెండేళ్లు ఇంగ్లీషు మాధ్యమంలో చదివి ఉండాలి. పదో తరగతి దాకా తెలుగు మీడియం అయితే ఇంటర్, డిగ్రీ, పీజీ ఇంగ్లీషులో చేసినా పన్నెండు నిండదు. అలాంటప్పుడు ఇంకో ప్రైవేటు లాంగ్వేజ్ స్కూలు, ఈసారి నలుగురైదుగురు టీచర్లున్నది వెతకమనండి. ఇంగ్లీషు మీడియమే అయితే బడి నుంచి మీడియం సర్టిఫికెట్ మీరే తీసి పంపండి. హెడ్మాస్టరు సంతకం, బడి ముద్ర, ఏ తరగతి నుంచి ఏ తరగతి దాకా అన్న సంవత్సరాలు ఉండాలి. దూరాన ఉన్న తమ్ముడికి ఇక్కడినుంచి చేయగలిగిన గట్టి సాయం అదే.

దేశం వదిలి వచ్చేసేట్టయితే ఒక మాట. జీతంలో పింఛను కోత పడి ఉంటే, ఆరు నెలలు గానీ ఆపైన గానీ కట్టినవాళ్లు జపాన్ వదిలిన రెండేళ్లలోపు దరఖాస్తు పెట్టి కొంత మొత్తం వెనక్కి తీసుకోవచ్చు. పింఛను నంబరు ఉన్న కాగితం పారేయొద్దనండి.

ప్రశ్న: నెల్లూరులో స్పోకెన్ ఇంగ్లీషు, జర్మన్ కోచింగ్ సెంటరు నడుపుతున్నాను. నర్సింగు పిల్లలు జర్మనీ కోసం ఎక్కువగా వస్తున్నారు. ఒక జర్మన్ టీచర్ని, ఒక ఇంగ్లీషు టీచర్ని విదేశం నుంచి తెస్తే పేరొస్తుందనుకుంటున్నాను. ఒకరితో మొదలుపెడదామని. ఎవర్ని ముందు తేవాలి, ఖర్చెంత?
— ఒక నిర్వాహకుడు, నెల్లూరు

జవాబు: జర్మన్ టీచర్నే. దానికి ముందు కారణం వీసా. ఇక్కడ పనిచేయడానికి విదేశీయులకు ఎంప్లాయ్‌మెంట్ వీసా కావాలి. అది రావాలంటే జీతం ఏడాదికి 16.25 లక్షల రూపాయలకు పైనే ఉండాలి. దీనికి కొన్ని మినహాయింపులున్నాయి. ఇంగ్లీషు కాకుండా వేరే భాషలు నేర్పే టీచర్లు అందులో ఒకరు. జర్మన్ టీచరుకు మీ శక్తికి తగ్గ జీతం ఇవ్వొచ్చు, ఇంగ్లీషు టీచరుకు కుదరదు. టూరిస్టు వీసా మీద వచ్చిన కుర్రాడితో క్లాసులు చెప్పించడం అస్సలు వద్దు.

వచ్చాక మీ బాధ్యతలు రెండు. వీసా 180 రోజులకు మించినదైతే దిగిన 14 రోజుల్లోగా ఆన్‌లైన్‌లో విదేశీయుల నమోదు చేయించాలి. ఆ మనిషికి బస ఇచ్చినవాళ్లు, అది లాడ్జి అయినా ఇంటి ఓనరైనా, 24 గంటల్లో ఆ బస వివరాలు అధికారులకు పంపాలి. ఇంటి ఓనరుకు ఈ రెండోది తెలియదు, మీరే కూర్చుని చేయించాలి. మన ఊళ్లో ఒంటరి విదేశీయులకు ఇల్లివ్వడానికి వెనకాడేది కూడా ఈ తెలియకపోవడం వల్లే ఎక్కువ. ఆ వీసా మీ సంస్థ పేరునే ఉంటుంది, అది వదిలి ఇంకో కోచింగు సెంటర్లో చేరే వీలుండదు. అంటే కావలి పాఠకురాలికి చెప్పిన నాలుగు పగ్గాలూ ఇక్కడ మీ చేతిలో పడతాయి. ఆమె ఓనర్ని ఏం అడగాలని చెప్పామో, మీ దగ్గరికి వచ్చే మనిషి మిమ్మల్ని అవే అడుగుతారు. జవాబులు ముందే కాగితం మీద పెట్టుకోండి.

ఇక ఆ టీచర్ని ఎలా వాడుకోవాలన్నది. జర్మనీలో నర్సుగా గుర్తింపుకు ఎక్కువ రాష్ట్రాలు బి2 స్థాయి అడుగుతాయి (ఏ1, ఏ2, బి1, బి2, సి1, సి2 అనే భాషా మెట్లలో నాలుగోది). మొదటినుంచి అక్కడిదాకా రావడానికి 45 నిమిషాల పీరియడ్లు దాదాపు 600 నుంచి 800 పడతాయి. ఒక్క మనిషి వారానికి 24 పీరియడ్లు చెప్పినా, ఒక్క బ్యాచిని బి2కు తేవడానికి ఆ పీరియడ్లన్నీ ఆ బ్యాచికే పెడితే ఆరు నుంచి ఎనిమిది నెలలు. మీకు నాలుగు బ్యాచులుంటే? లెక్క కుదరదు. ఏ1లో ఆర్టికల్సు, విభక్తులు జర్మన్ మాతృభాషగా ఉన్నవాళ్లకంటే బి2, సి1 పాసైన తెలుగు టీచరే బాగా చెబుతారు. డేటివ్‌ను మన ‘కి, కు’ విభక్తితో పోల్చి చెబితే పిల్లలు పది నిమిషాల్లో పట్టుకుంటారు. విదేశీ టీచర్ని బి1 నుంచి మాట్లాడించడానికి, పరీక్షలోని మౌఖిక భాగానికి, ఆసుపత్రిలో రోగితో సంభాషణలకు మాత్రం పెట్టండి. బ్యాచికి వారానికి నాలుగు పీరియడ్లు, ఐదు బ్యాచులైతే ఇరవై. అలా పెడితే ఆయన జబ్బుపడ్డ వారం కూడా మీ సెంటరు ఆగదు.

ఆయన లేదా ఆమె రాకముందే ఫ్లెక్సీ వేయొద్దు. వీసా ఆలస్యమైతే ఫీజు వెనక్కి అడుగుతారు, అడగడంలో తప్పూ లేదు. మే నెలలో దింపొద్దు కూడా. మన రోహిణి కార్తె ఎండలో మొదటి వారమే తిరుగు టికెట్ చూసుకుంటారు. ఆగస్టులో పిలవండి.

ప్రశ్న: జపాన్‌కు వెళ్తున్నాను, మా ఊళ్లో నుంచి నేనొక్కదాన్నే. అమ్మ నాటుకోడి పచ్చడి, రొయ్యల పచ్చడి, గోంగూర, పది కిలోల బియ్యం సర్దుతోంది. పోనిస్తారా?
— ఒక పాఠకురాలు, గూడూరు

జవాబు: నాటుకోడి పచ్చడి ఆపేయమనండి, మటన్‌దీ అంతే. మాంసం కలిసిన ఏ పదార్థమైనా తనిఖీ ధ్రువపత్రం లేకుండా జపాన్‌లోకి తేవడం నేరం. బియ్యానికి మొక్కల క్వారంటైన్ కాగితం కావాలి, పది కిలోలకు అంత తిప్పలు ఎందుకు? అక్కడి బియ్యం కాస్త జిగురుగా ఉంటాయి, నీళ్లు తగ్గించి వండుకుంటే చారుకు పనికొస్తాయి. గోంగూర పచ్చడి, ఆవకాయ, కందిపొడి తీసుకెళ్లొచ్చు. రొయ్యల పచ్చడిలో మాంసం కలవకపోతే ఇబ్బంది లేదు, కస్టమ్స్ ఫారంలో ఆహార పదార్థాలున్నాయని మాత్రం రాయండి. సీసాలు వద్దు. నూనె పైకి తేలేలా కాకుండా కాస్త వార్చి, కవరులో కవరు పెట్టి సీలు చేయించి, లగేజీ మధ్యలో బట్టల నడుమ పెట్టండి. చేతి బ్యాగులో పచ్చడి పెడితే చెన్నై విమానాశ్రయంలోనే తీసి పక్కన పెడతారు.